రూపాయి బిళ్ళ

పదకొండు దినాలాయె, ఒక్క తూటా ఇయ్యలే.
నల్లగొండ అవతల, బోడగుట్ట కింద రేంజి.
ఖాళీ పిస్తోలు, దాని మూతి మీద రూపాయి బిళ్ళ.
"ట్రిగ్గర్ కదలాలె, బిళ్ళ కదలొద్దు" అంటడు సైదులు సార్.

టక్కు.
బిళ్ళ మొరంల దొర్లింది. వంగి ఏరుకున్న.
టక్కు.
ఈసారి పల్లేరుగాయల్ల వడ్డది.
పక్కన రమావత్ సరోజ కిసుక్కుమంది,
ఆ నవ్వుకు దాని బిళ్ళ గూడ జారింది.

నాకు తొందరెక్కువ.
నెలలు నిండకముందే పుట్టిన్నని అమ్మ అంటది.

పోయినేడు సాగర్ రోడ్డు మీద, నడిరాత్రి,
ఒకడు కత్తి దీసి మీదికొచ్చినప్పుడు
నా చెయ్యి నాకంటె ముందు ఉరికింది.
ఒర గుండీ మాత్రం ఊడలే.
వాడే ఎందుకో జంకి
బత్తాయి తోటల వడి పోయిండు.
తెల్లారి అందరు శెభాషన్నరు.
గుండీ ముచ్చట ఎవ్వరికీ చెప్పలే.

సార్‌కు ఎట్ల తెలిసిందో:
"ఉరుకుడు కుక్కకు గూడ వస్తది బిడ్డా.
ముందు గుండీ ఇప్ప నేర్చుకో."

పన్నెండో పొద్దు.
గుండీ. పట్టు. ఎత్తు.
ఊపిరి సగం ఇడిచి
టక్కు.
బిళ్ళ మీది ఎండ బిళ్ళ మీదనే ఉంది.

సార్ అటు మళ్ళి చాయ్ ఊదుకుంటుండు.
పిలవబోయి ఊకున్న.
మళ్ళ గుండీ పెట్టిన.