మాట పడితే విరిగిపోతుంది

పందిని కోసిన మూడోనాడు
మా అమ్మ జుల్మీరా
ఇనప కాగుని వాకిట్లోకి దొర్లిస్తుంది.
ఆ చప్పుడే కబురు.

మినాస్ కొండల్లో జూన్ చలి,
కాఫీ తోటలు దాటి వచ్చి
మా పెంకుల మీద కూచునే వేళ,
దెయోలిండా పెద్దమ్మ దిగుతుంది
నెత్తిన వెదురుబుట్ట,
బుట్టలో ఏడాది పొయ్యి బూడిద
జల్లెడ పట్టి, గుడ్డ కప్పి.
"రా" అనదు అమ్మ.
"వచ్చాను" అనదు ఆమె.

అమ్మమ్మ క్లెమెంతీనా పోయినప్పుడు
పంపకాలు ఇలా తేలాయి:
కాగు చిన్నదానికి,
బూడిదబుట్ట పెద్దదానికి.
బుట్ట లేని కాగెందుకని ఒకరు,
కాగు లేని బుట్టెందుకని ఒకరు.
ఆ పూట అనుకున్న మాటలు
ఏ రేవులో ఏ బండమీద బాదినా వదలవట.
పదకొండేళ్ళు.
చర్చిలో చెరో బల్ల.
పెళ్ళిళ్ళలో చెరో బంతి.

కానీ మురికి ఊరుకోదు కదా.
నాన్న చొక్కా మెడపట్టీకి,
పెదనాన్న గని ప్యాంటుకి పట్టిన ఎర్రదుమ్ముకి
ఈ పంతాలు తెలియవు.

ఇంకొకటుంది, అమ్మమ్మ పెట్టిపోయిన నియమం:
సబ్బు కట్టేవేళ మాట పడకూడదు.
పడితే విరిగిపోతుంది, పాలలాగా.
చిన్నప్పుడు అది దిష్టి సంగతనుకున్నాను.
ఆ నియమం చాటున
ఇద్దరు ఆడవాళ్ళు
ఏడాదికొక రోజు
ఒకే పొగలో కళ్ళు మండించుకోవచ్చని
ఈమధ్యే అర్థమైంది.

బుట్ట అడుగున గడ్డి పరిచి
బూడిద కుక్కి నీళ్ళు పోస్తే
రాత్రంతా బొట్టు బొట్టుగా దిగుతుంది
చిక్కటి కాఫీ రంగు తేట.
వేలు పెడితే చర్మం జారుతుంది,
కోడి ఈక వేస్తే కరిగిపోతుంది.
కాగులో కొవ్వు కరుగుతుంటే
పెద్దమ్మ పోస్తుంది, అమ్మ తిప్పుతుంది,
తెడ్డు ఎప్పుడూ కుడివైపుకే.

గుడ్డు నా పని.
తేటలో వదిలితే తేలాలి,
నెత్తిమీద నాణెమంత మేర పొడిగా కనపడాలి.
అప్పుడే తేటకి కారం ఉన్నట్టు.

ఈసారి వదిలాను.
గుడ్డు మునిగింది.
తీసి, తుడిచి, మళ్ళీ వదిలాను.
రాయిలా అడుక్కి పోయింది.

అమ్మ తెడ్డు ఆపలేదు.
ముందు తేట వంక చూసింది,
తర్వాత బూడిద వంక.
గడ్డలు కట్టిన బూడిద,
ఎప్పుడో తడిసి, సారం కారిపోయి, మళ్ళీ ఎండిన బూడిద.
పెద్దమ్మ నేల చూపులు చూస్తోంది.

"కప్పు కారుతోందా?"

పదకొండేళ్ళ తర్వాత మొదటి మాట.
కాగు కూడా ఒక్క క్షణం ఉడకడం మానిందనిపించింది నాకు.

"కారితే నీకెందుకు?"

ఇక చూడాలి!
కాగు వచ్చింది, బుట్ట వచ్చింది,
అమ్మమ్మ చెవిపోగులు వచ్చాయి,
ఎవరో మందు సీసా తేకపోవడం వచ్చింది,
నేను పుట్టకముందు చచ్చిన ఒక గాడిద కూడా వచ్చింది.
మా బూడిద నేను బుట్ట నిండా తెచ్చి కుక్కాను,
ఎవరూ చూడలేదు.
అరుస్తూనే పోసింది పెద్దమ్మ,
అరుస్తూనే తిప్పింది అమ్మ,
తెడ్డు మాత్రం కుడివైపుకే.
చీకటి పడేదాకా.

సబ్బు సరిగా కట్టలేదు.
ఉండలు చేసి మొక్కజొన్న డొప్పల్లో చుడితే
వారానికీ వేలిముద్ర దిగబడుతోంది.
"మాట పడింది కదా మరి"
అంటుంది అమ్మ, తప్పు తనది కానట్టు.
అయినా నురగ బానే వస్తోంది.
ఏటి ఒడ్డున గడ్డిమీద ఆరేసిన దుప్పట్లు
మేకపిల్లల్లా తెల్లగా ఉన్నాయి.

నిన్న పెరట్లోకి వెళితే
పాత పెంకుల దొంతి సగానికి తగ్గింది.
అమ్మ భుజంమీద ఎర్రటి మట్టి చార.

చొక్కా విప్పించి నానబెట్టాను.
ఏమీ అడగలేదు.
కొన్ని ఇంకా కట్టే వేళలోనే ఉంటాయి.