రాలేదు

చిలోయె దీవిలో వాన
అడక్కుండా వచ్చే చుట్టం.
ఆసుపత్రి కిటికీ అద్దానికి వీపు ఆనించి
పొద్దున్నుంచీ కూర్చునే ఉంటుంది,
టోకెన్ తీసుకోకుండా.

డాక్టరు చూసే వేళని ఇక్కడివాళ్లు ఓరా అంటారు.
ఓరా అంటే గంట.
మన గంటైతే మోగుతుంది.
ఇది మోగదు.
పలచటి గులాబీరంగు చీటీ మీద
రబ్బరు ముద్రై పడుకుని ఉంటుంది
ఏడు నెలలు, తొమ్మిది నెలలు,
ఒక్కోసారి పాలపళ్లు ఊడి కొత్తవి మొలిచేదాకా.

పిల్లల నరాల డాక్టరు
నెలకు రెండ్రోజులు పువెర్తో మోంత్ నుంచి వస్తుంది.
రెండ్రోజులకి ఇరవై రెండు ఓరాలు.
జాబితాలో మూడొందల పద్నాలుగు పేర్లు.
లెక్కలు రానివాళ్లకీ వచ్చే లెక్క ఇది.

అయినా ప్రతి నెలా
ఎనిమిదింటికి ఒక కుర్చీ ఖాళీ,
ఎనిమిదిన్నరకి ఇంకోటి.
చల్లారిన కాఫీ తిప్పుకుంటూ డాక్టరు.
కౌంటర్లో ఎదువినా కార్కమో కంప్యూటర్లో కొడుతుంది:
రాలేదు.
రెండుసార్లు రాలేదంటే
తడిచేతిలో సబ్బులా
పేరు దానంతటదే జారిపోతుంది.
మళ్లీ ఊరి నర్సు, మళ్లీ చీటీ, మళ్లీ వరస చివర.

పద్నాలుగేళ్లుగా ఆ మాట కొట్టిన వేళ్లు ఆమెవి.
కొడుతూ కొడుతూ అనుకునేది కూడా,
ఈ చిన్నదీవుల తల్లులకి పట్టింపు లేదని.

జూన్‌లో ఒక మంగళవారం పదిన్నరకి
వచ్చింది నెరీదా వెంతెయో.
మోకాళ్లదాకా ఉప్పునీళ్లు.
చంకలో ఆరేళ్ల లిసాండ్రో,
ఎత్తుకునే వయసు దాటినవాడు,
ఎత్తుకోక తప్పనివాడు.
అన్నం మధ్యలో, ఆట మధ్యలో
కళ్లు తెరుచుకునే ఎటో వెళ్లిపోతాడు.
చెంచా చేతిలోనే ఉంటుంది, వాడుండడు.
తిరిగొచ్చినప్పుడల్లా తల్లి అడుగుతుంది:
"వచ్చావా?"
ఈమధ్య ఆ రావడం ఆలస్యమవుతోంది.

"మీ ఓరా ఎనిమిదికి" అంది ఎదువినా.
"మా పడవ ఏడింటికి" అంది ఆవిడ.
"మూడు గంటల నీళ్లు. రోజుకి ఒకటే పడవ.
వీణ్ణెత్తుకుని ఈదలేను కదమ్మా."
గొడవ పడినట్టు కాదు,
బంగాళాదుంపల ధర చెప్పినట్టు.

ఆ రోజు డాక్టరు చూడలేదు.
ఖాళీ కుర్చీ ఎనిమిదింటిది,
పదిన్నరకి దానితో ఏం పని?

ఆ రాత్రి ఎదువినా ఇంటికి పోలేదు.
పాత "రాలేదు"లన్నీ ఒక్కొక్కటే తెరిచి
చిరునామాలు చదివింది.
దీవి. దీవి. దీవి.
కొండవెనక బడిపంతులు కూతురు.
మళ్లీ దీవి.
ఎన్ని మాటలు కొట్టిందో లెక్కపెట్టబోయి
మధ్యలో ఆపేసింది.

పొద్దున్నే రేవుకెళ్లి
డీజిల్ వాసనేసే పడవల పట్టీ తెచ్చి
క్యాలెండరు పక్కన అంటించింది.
నడిచి రాగల ఊరిపిల్లలకి ఎనిమిది,
నీళ్లు దాటాల్సినవాళ్లకి పదకొండు దాటాక.
"సిస్టమ్ ఒప్పుకోదు" అన్నాడు పైఆఫీసరు.
సిస్టమ్‌ని అడగలేదు ఆమె,
పెన్సిల్‌తో రాసుకుంది.
ముందురోజు సాయంత్రం ఫోన్లు చేసింది కూడా,
సిగ్నల్ లేని దీవికి
రేడియోలో కబురు చెప్పించింది,
గొర్రెల మందు ప్రకటన తర్వాత.

ఆగస్టు. పదకొండుంబావు.
డాక్టరు లిసాండ్రో చేతికి
కాగితపు గాలిమర ఇచ్చి ఊదమంది.
ఊదాడు. ఊదాడు. మళ్లీ ఊది
ఆగిపోయాడు.
గాలిమర మాత్రం తిరుగుతూనే ఉంది.
డాక్టరు మెల్లగా లెక్కపెట్టింది,
పద్దెనిమిది దాకా.
ఇన్నాళ్లూ ఎవరికీ చూపించలేకపోయినదాన్ని
మరో మనిషి కళ్లు చూశాయి.
నెరీదా కొంగులేని భుజం మీద
ఉన్ని శాలువా గట్టిగా లాక్కుంది.

"వచ్చావా?" అంది.

గోడకవతల ఎదువినా
ఆ మాట వినకుండానే
అతని పేరు పక్కన కొట్టింది:
వచ్చాడు.

జాబితాలో ఇంకా మూడొందల ఆరు.
తర్వాతి పేరు తొందరగా పిలవాలి.
తిరుగుపడవ రెండింటికి.