పసుపు రాళ్ళ వెంట

గొళంతరా నించి గిరిసోల దాకా
పసుపు రాళ్ళ వెంట నడవడం నా ఉద్యోగం.
రాయికో అంకె. కింద గ్యాసు గొట్టం.
ఎవరూ తవ్వకుండా చూడాలి.

వైశాఖంలో ఓనాడు మీటరు ముల్లు పడుకుంది.
ఎక్కడో యుద్ధం, ఎవరి మీదో ఆంక్షలు,
మనకని బయల్దేరిన ఓడ
నడిసంద్రంలో బేరం మార్చుకుందట.
ఇంగ్లీషు ఉత్తరాన్ని పాణిగ్రాహి బాబు
వచ్చీరాని తెలుగులో చెప్పాడు:
"ఒప్పందం ప్రకారం ఇది దైవాధీనం."

ఇరవయ్యేళ్ళకు పెట్టిన సంతకం
ఒక్క మాటతో దేవుడి నెత్తిన పడింది.

బరంపురంలో పట్టునూలు ఉడకబెట్టే దండాసి
మళ్ళీ సరుగుడు కట్టెలు కొన్నాడు.
పొగకి కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు,
"గొట్టంలో ఏముందిరా ఇప్పుడు?"

చెవి ఆనిస్తే రాయి చుర్రుమంది. అంతే.

రేపు మళ్ళీ నడవాలి,
లేనిదాన్ని ఎవరూ తవ్వుకుపోకుండా.