కాటా దులుపు

బ్రాడీపేట మేడగది. రాత్రి రెండు.
నలభై ఒకటో టెస్టు మళ్లీ ఎర్రబడింది.
ఒంటరిగా నడిపితే పచ్చగానే ఉంటుంది, దొంగది.

కనెక్షన్ తెరిచి మూయనిది ఎవరు?
నేనే.
ముప్పైతొమ్మిదిలో నేను పుట్టించిన
ఉత్తుత్తి రైతు కోటయ్య
యాభై టిక్కీలతో ఇంకా టేబుల్లోనే కూర్చున్నాడు.

మిర్చి యార్డులో మస్తాన్ వలీ గుర్తొచ్చాడు.
టిక్కీ దిగగానే కాటా మీద
తువ్వాలుతో ఒక్క దులుపు.
"నాలుగు గింజలేగా?" అన్నాను తుమ్ముతూ.
"ఆయన గింజలు
తర్వాతాయన తూకంలోకి ఎందుకు రావాల?"
ముల్లు సున్నాకి రాందే
ఇంకోటి ఎక్కనివ్వడు.

టియర్‌డౌన్‌లో రెండే వరుసలు రాశాను:
రోల్‌బ్యాక్, క్లోజ్.
పాసైనా ఫెయిలైనా నడిచేట్టు.

అన్నీ పచ్చబడ్డాయి.
కోటయ్య లేచి వెళ్లాడు,
కండువా కూడా మర్చిపోకుండా.
కాసేపు ఖాళీ టేబుల్నే చూస్తూ కూర్చున్నా.

ముక్కులో మాత్రం
ఇంకా ఆ ఘాటు.