అడుగుతున్నావా, చెబుతున్నావా

నిజానికి నేను వెళ్ళింది అరచేతుల కోసం.
వార్సాకు గంటన్నర దూరంలో, వూచ్‌లో
పెళ్ళిళ్ళు రిజిస్టరు చేసే ఉద్యోగం నాది.
శనివారం వస్తే పదకొండు జంటలు.
సంతకాలయ్యాక చెయ్యి కలపాలి.
పెళ్ళికూతురి తెల్ల గ్లవుజు మీద
నా నాలుగు వేళ్ళూ తడిగా అచ్చు పడేవి.
బయట మైనస్ తొమ్మిది, ట్రాము కడ్డీ మంచుముద్ద,
నా చేతులకు మాత్రం ఎప్పుడూ నడివేసవే.

డాక్టర్ సుహోడోల్స్కా అరచేతికి అయోడిన్ పూసి
పైన తెల్లటి పిండి చల్లింది.
"చెమట ఉన్నచోట నల్లబడుతుంది, చూడండి."
చూస్తుండగానే అరచెయ్యి
నేరేడుపళ్ళు తిన్న నోరైంది.
పెన్నుతో గళ్ళు గీసి గడికొక పోటు.
కుడిచేతికి నలభై ఆరు.
ఎడమచేతికి లెక్కపెట్టలేదు, ఏడుస్తున్నాను.

"సీసాలో ఇంకాస్త మిగిలింది,
నుదుటికి వేయమంటారా, సగం ధరకే?"
అద్దం నా చేతికిచ్చింది.
కనుబొమ్మల నడుమ నిలువుగా రెండు గీతలు,
వాటి పైన అడ్డంగా మూడు.
అవి వయసువి కావని ఆవిడకేం తెలుసు?

మా అమ్మ జెనోవెఫాకి వినపడదు.
నేను మాటల కన్నా ముందు కనుబొమ్మలు నేర్చాను.
పైకెత్తితే: అవునా, కాదా?
ముడివేస్తే: ఎవరు, ఎక్కడ, ఎందుకు?
కొళాయి బాగుచేసేవాడు ఏమంటున్నాడని,
బ్యాంకు ఉత్తరంలో ఏముందని,
నాన్న సామాను ఎందుకు సర్దుకుంటున్నాడని,
రోజుకు వంద ప్రశ్నలు నా మొహం మీదుగా నడిచాయి.
అన్నేళ్ళు నడిస్తే కాలిబాట పడదా?

వేయమన్నాను.

రెండు వారాలకు పెళ్ళికొడుకులు నా చెయ్యి కలిపి వదిలారు.
ఒక్కడూ ప్యాంటుకు తుడుచుకోలేదు!
ఆ ఆదివారం అమ్మ దగ్గర
పుల్లటి రై పిండి చారు, అందులో అరగుడ్డు.
మందులు వేసుకున్నావా, అని చేతులతో అడిగాను.
అమ్మ నా మొహంలోకి చూసింది. ఇంకా చూసింది.
"అడుగుతున్నావా, చెబుతున్నావా?"
మోకాలి నొప్పి తగ్గిందా, అన్నాను.
తగ్గింది, అన్నట్టు చేరింది.
"నీకెవరు చెప్పారు? నిన్న రాత్రంతా నిద్ర లేదు!"

నోటితో పలకరించి నొసటితో వెక్కిరించే వాళ్ళుంటారు.
మా ఇంట్లో నొసలే నోరు.
దాన్ని కుట్టించుకుని వచ్చాను, సగం ధరకి.

అమ్మ నా చెయ్యి తీసుకుని తిరగేసింది.
చిన్నప్పుడు రోడ్డు దాటేటప్పుడు
చేపలా జారేదని మణికట్టు పట్టుకునేది.
ఇప్పుడు పొడిగా ఉంది, బొత్తిగా అరిగిన పుస్తకం అట్టలా.
"ఎవరిదిది?" అంది.
డెబ్భై ఆరేళ్ళ ఆ నుదుటి మీద
ప్రశ్న ఎంత స్పష్టంగా ముడిపడిందో.
తర్వాత దోసకాయ ఊరగాయ మూత నాకు రాలేదు
(పట్టు తగ్గవచ్చని నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది).
అమ్మ ఒక్క తిప్పుతో తీసిచ్చింది.

ఇక అప్పటినుంచి ప్రతి ప్రశ్న చివరా
గాలిలో వేలితో కొక్కెం గీసేదాన్ని, కింద చుక్క.
బడిపిల్లలా ఉన్నావే, అని నవ్వేది.
మాట్లాడుకోవడం తగ్గింది. టీవీ ఎక్కువైంది.

మేలో చేతులకు మళ్ళీ తేదీ తీసుకున్నాను.
జూన్ నిండా పెళ్ళిళ్ళు, తప్పదు.
నుదుటి సంగతి డాక్టర్ ఎత్తింది.
గోడ గడియారం చూశాను.

నిన్న ఆదివారం, గరిటె పట్టుకుని
కొక్కెం గీయడానికి చెయ్యి ఖాళీ లేక
ఉత్తినే అడిగాను: ఇంకొంచెం?
ఎడమ కనుబొమ్మ లేచింది.
కుడిది ఇంకా నిద్రలోనే ఉంది.
అమ్మ గిన్నె నా వైపు జరిపింది.
"సగమే అడిగావు," అంది, "సగమే పోయి."