సోలెడు చోళ్ళు

గుణుపురం పెద్దాసుపత్రిలో
నా మణికట్టు ఫొటో కిటికీకి ఆనించి
డాక్టరు బాబు ఒడియాలో అన్నాడు:
"హాడొ పొతొళా హోయిగొలాణి, మావుసీ."
ఎముక పల్చబడిపోయిందట.
వంశధారకి ఏ ఒడ్డున విన్నా
ఆ మాట నొప్పి ఒక్కటే.

నేను దర్జీదాన్ని.
పల్చబడ్డం అంటే నాకు తెలీదా?
ఉతికి ఉతికి వెలుతురు కారే పంచెలు ఎన్నిటికి
లోపల్నించి మాసిక వెయ్యలేదు!
ఫొటోలో నా ఎముకా అలాగే ఉంది,
పోగుకీ పోగుకీ మధ్య చీకటి.

పడింది కూడా గొప్ప చోటేం కాదు.
నౌపడా బండి దిగుతూ కాదు, కొండెక్కుతూ కాదు,
షాపు గుమ్మంలో, అరచేతి వెడల్పు తడి మీద.
చెయ్యి ఆనించాను.
దారం తెగినంత చిన్న చప్పుడు.

"పాలు తాగుతావా?" అని అడిగాడు.
నవ్వొచ్చింది.
ముప్పయ్యేళ్ళు పాలు కాచాను బాబూ,
మీగడ మామగారికి, చిక్కటివి పిల్లలకి,
నీళ్ళు కలిపినవి గిరాకీల చాయ్‌కి,
గిన్నె అడుగు మాడు నాకు.
ముగ్గుర్ని మోశాను.
కడుపులో కూచుని ముగ్గురూ
నా ఎముకల్లోంచే అప్పు పుచ్చుకున్నారట.
కాయితం లేదు, వడ్డీ లేదు,
తిరిగి అడిగే మొహం నాకూ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది.
రెండోవాణ్ణి మోస్తున్నప్పుడు
పెరటి గోడ సున్నం గోరుతో గీరి
నాలిక మీద వేసుకునేదాన్ని.
"ఇదేం బుద్ధే, ఇల్లు తినేస్తున్నావు" అంది అత్త.
బుద్ధి కాదేమో.
ఎముకే నోరు తెరిచి అడిగిందేమో,
దానికి తెలిసిన ఒకే ఒక్క మాటలో.

బిళ్ళలు రాశాడు, సుద్దముక్కల్లాంటివి.
చాయ్‌తో మింగొద్దన్నాడు.
పొద్దుటెండలో కాసేపు కూకోమన్నాడు.
చీటీ తిప్పి వెనకవైపు
మందులషాపులో దొరకనివి కొన్ని చెప్పి రాశాడు:
మాండియా, రాసి, సొజొనా శాగొ, సుఖువా.
దారంతా నాలో నేనే తెలుగు చేసుకున్నాను.
చోళ్ళు, నువ్వులు, మునగాకు, ఎండు మెత్తళ్ళు.
ఓస్, ఇది మా అమ్మ వంటిల్లు!
సన్నబియ్యం కొనగలిగిన ఏడు
సిగ్గుపడి మేమే అటకెక్కించిన వంటిల్లు.

సంతరోజు సొంబారి సబర ముందు కూకున్నాను.
డెబ్భై దాటింది.
కొండ దిగి తలమీద బుట్టతో వచ్చినా
వెన్ను నా గజంబద్ద కన్నా తిన్నన.
సోలెడు కొలిచి గుడ్డలో పోసింది,
పైన చారెడు కొసరు.
"నువ్వూ దీని అంబలే తాగుతావు గావాల,
అందుకే ఆ నిలువు" అన్నాను.
చెయ్యి విదిలించింది.
"అదంతా మునపటి మాట.
ఇప్పుడు చోడికి రేటొచ్చింది కదా,
గింజ మిగల్చకుండా అమ్మేస్తన్నాం.
ఇంట్లో రేషను బియ్యం గంజి.
కోడలికి ఏడో నెల,
రాత్రేళ లేచి గోడ గీకుతాది."

ఇంటికొచ్చి ఎడం చేత్తో తిరగలి తిప్పాను.
సగం పిండి గిన్నెలో, సగం చీరమీద.
నానేసి, పులవనిచ్చి, మర్నాడు నూకతో ఉడికించాను.
మా ఆయన ముక్కు చిట్లించి
రెండోసారి గ్లాసు చాపాడు.
నేను ముందు నాకు పోసుకున్నాను.
ముప్పయ్యేళ్ళలో అదే మొదటిసారి,
చెయ్యి కొంచెం వణికింది.
కట్టు బరువుకే అనుకోండి.

పై సంతకి సత్తు కేను మోసుకెళ్ళాను.
నిండా అంబలి,
ఆకులో ఉల్లిపాయ, గుప్పెడు వేపిన మెత్తళ్ళు.
"నీ గింజే ఇది, నీ కోడలికి" అన్నాను.
సొంబారి కేను ఎత్తి
తూకం చూసినట్టు చూసింది.
"డబ్బులెంత?"
"కొసరు" అన్నాను.