లంద

నా అభిషేకానికి ఇంకా ఏడు దినాలుంది.
జమ్మలమడుగు గుడి వెనక గదిలో కూర్చున్నా.
బిషప్పుగారు రాసిచ్చిన కాగితంలో
మౌనం, ఉపవాసం, చదువు.
కిటికీ అవతల పెన్నేరు
నీళ్ళు లేకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పకుండా
ఇసక పరుచుకుని పడుకుంది.

అహరోనూ వాని కొడుకులూ
ఏడు దినాలు గుడారం గడప దాటలేదట.
ఆ కొడుకుల్లో నా పేరు లేదు.
కూతుళ్ళ లెక్క ఎవరూ రాయలేదు.

సెమినరీలో ఆ పాఠం చెప్పేటప్పుడు మా అయ్యవారు
ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నంత పని చేశారు.
కోడెను కోయడం, పేగుల మీది కొవ్వు తీయడం,
కాళ్ళూ లోపలి భాగాలూ కడగడం...
ఇదంతా ఛాయ, నిజం క్రీస్తులో ఉందంటూ
తొందర తొందరగా నిజంలోకి వెళ్ళిపోయారు.
నేను ఛాయలోనే ఉండిపోయా.
ఆ నీడ నాకు తెలుసు. ఆ వాసన తెలుసు.
గుండెకాయ పక్కన కొవ్వు
గోరు పెడితే ఎట్లా ఊడొస్తుందో తెలుసు.

మా అబ్బ అదే పని చేశాడు.

ఊరికి ఓబిగాడు, గుడి రిజిస్టరులో ఆశీర్వాదం.
రెడ్డి దొడ్లో ఎద్దు పడిపోతే కబురొచ్చేది.
తోలు ఒలిచి, సున్నంలో నానేసి, బొచ్చు గీకి
లందలో తంగేడు చెక్క పోసి తొక్కేవాడు.
ముంజేతుల దాకా ఎర్రటి నీళ్ళు.
సీనాయి కింద ఆ ఎరుపుకి
నారబట్టలు తొడిగి, పాగా చుట్టి
పరిశుద్ధుడన్నారు.
పెన్నేటి గట్టున అదే ఎరుపుకి
మంచినీళ్ళ బావి దూరం చేశారు.

ఎన్నిసార్లు చదివినా ఒక చోట ఆగిపోతా.
పొట్టేలి నెత్తురు తీసి మోషే
కుడి చెవి తమ్మెకి, కుడి చేతి బొటనవేలికి,
కుడి కాలి బొటనవేలికి పూసినాడు.
వినే చోట. పట్టే చోట. నడిచే చోట.
అబ్బ చెవి, ఒరే ఓబిగా అంటే
నిద్రలో కూడా లేచి నిలబడేది.
ఆయనది పుర్రచేతి వాటం, కాబట్టి
ఆరె దిగిందల్లా కుడి బొటనవేల్లోనే.
ఇక కాళ్ళ సంగతి.
ఊరందరి పాదాల కొలతా నోటికొచ్చు.
పెద్దవీధిలో మాత్రం తాను కుట్టిన చెప్పులే
చంకలో పెట్టుకుని నడిచేవాడు.

ఆ కోడె తోలు, మాంసం, పేడ
పాళెం వెలుపల కాల్చేయమన్నారు.
అక్కడ ఆగి ఎవరూ పాట పాడరు.
వెలుపల అంటే మా వాడే.
మా గాలి ఊరి మీదికి పోని దిక్కు చూసి
కట్టించిన ఇళ్ళు.
నేను నమ్మేది ఇంతే, బిషప్పుగారడిగినా ఇదే చెప్తా.
కోసేవాడూ, కోతకొచ్చిన పొట్టేలూ
తానొక్కడే అయినవాడు
గవిని దాటి బయటికొచ్చినప్పుడు
ఖాళీ చోటికి రాలేదు.
లంద దగ్గరికి వచ్చాడు.
తన నెత్తురుతో తానే లోపలికి పోయి
తెర చించి తిరిగి చూస్తే
మా అబ్బ అక్కడ చేతులు కడుక్కుంటా ఉన్నాడు.

అభిషేకాన్ని వాళ్ళ భాషలో
చేయి నింపడం అంటారట.
కళ్ళంలో మేర కోసం అబ్బ పంచె కొంగు పట్టేవాడు.
చేతికి చేయి తగలకుండా
పైనుంచి జొన్నలు పోసేవాళ్ళు.
సగం నేలమీదే.
జేజి సుంకులమ్మ ఏరుకునేది, మట్టి ఊది ఊది.

ఆదివారం.
తెల్ల చీర, ప్రొద్దుటూరులో కొన్న కొత్త చెప్పులు.
జేజి తెల్లారుజామునే తలకి ఆముదం అంటింది.
కారి చెవి తమ్మె మీదికి దిగితే
తుడుచుకోనీలేదు.
చెప్పులు బయట విడిచి, లోపలికి పోయి మోకరించా.
తల మీద ఎన్ని చేతులో తెలీలేదు, బరువు తెలిసింది.
లేచాక చేతిలో రొట్టె పెట్టారు.
చేతికి చేయి తగిలింది.

వెనక్కి చూస్తే గడప నుంచి పీఠం దాకా
నాపబండల మీద చిన్న చిన్న ఎర్ర చుక్కలు.
కొత్త చెప్పు కరిచింది, కుడి బొటనవేలు.
జేజికి చూపు సరిగా ఆనదు. వంగి, వేలు తడిమి
మీ అబ్బ కుట్టింటే
కరిచేది కాదు పాపా, అనింది.